చూసిన ఆటను చెప్పిన గొంతు

ఒక ఆట జరుగుతుంది. వేలమంది చూస్తారు. చప్పట్లు కొడతారు, ఈలలు వేస్తారు. సాయంత్రానికి ఆట అయిపోతుంది. జనం ఇళ్ళకు పోతారు. మైదానం ఖాళీ అవుతుంది.

మరి ఆ ఆట ఏమైనట్టు?

పంట కోస్తే గింజలు మిగులుతాయి. గోడ కడితే గోడ నిలుస్తుంది. ఆట ఆడినంతసేపే ఉంటుంది. టీవీలు లేని రోజుల్లో అది రెండు చోట్ల మాత్రమే మిగిలేది. ఒకటి, చూసినవాళ్ళ నోట. రెండు, రాసినవాళ్ళ కాగితం మీద.

ఆటను నోటితో చెప్పి, కాగితం మీద కూడా రాసిన ఒక స్త్రీ కథ ఇది. ఆమె పేరు చంద్రా నాయుడు. మన దేశంలో క్రికెట్ ఆటకు కామెంటరీ చెప్పిన మొదటి మహిళ ఆమె. ఆమె తండ్రి సి.కె.నాయుడు. మన దేశపు క్రికెట్ జట్టుకు మొదటి కెప్టెన్. వాళ్ళది తెలుగు కుటుంబం. చాలాకాలం కిందటే నాగపూర్ వెళ్ళి, ఆ తరువాత ఇండోర్‌లో స్థిరపడ్డారు. ఇండోర్ మధ్యప్రదేశ్‌లో ఉంది.

కామెంటరీ అంటే ఏమిటి?

ఊళ్ళో టీ కొట్టు దగ్గర రేడియో పెట్టుకుని మగవాళ్ళు గుమిగూడటం మీరు చూసే ఉంటారు. రేడియోలో ఒకాయన గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంటాడు. వింటున్నవాళ్ళు ఉన్నట్టుండి ఎగిరి గంతేస్తారు. లేదా తల పట్టుకుంటారు. ఆ మాటలనే కామెంటరీ అంటారు. తెలుగులో వ్యాఖ్యానం అంటారు.

కామెంటరీ చెప్పేవాళ్ళు మైదానం పక్కన ఎత్తుగా ఒకచోట కూర్చుంటారు. ఎదురుగా మైకు ఉంటుంది. కళ్ళతో చూస్తూ నోటితో చెప్పాలి. బంతి ఎవరు వేశారు? ఎవరు కొట్టారు? బంతి ఎటు పోయింది? ఎవరు పట్టుకున్నారు? ఎన్ని పరుగులు వచ్చాయి? ఇవన్నీ వెంటవెంటనే చెప్పాలి.

చెప్పటం తేలికే అనిపిస్తుంది. నిజానికి చాలా కష్టం. పెళ్ళికి రాలేకపోయిన పొరుగింటామెకు పెళ్ళి సంగతులు మనం చెబుతాం గదా. పెళ్ళికూతురు చీర రంగు, వడ్డించిన కూరలు, వచ్చిన చుట్టాలు, అన్నీ చెబుతాం. అయితే మనం తీరిగ్గా, ఇంటికి వచ్చాక చెబుతాం. కామెంటరీ చెప్పేవాళ్ళకు అంత తీరిక ఉండదు. పెళ్ళి జరుగుతుండగానే, తాళి కట్టే క్షణంలోనే చెప్పాలి. ఒక మాట తప్పు దొర్లితే వెనక్కి తీసుకోవటం కుదరదు. అప్పటికే లక్షలమంది వినేసి ఉంటారు.

ఇంకో సంగతి. రేడియో వినేవాళ్ళకు ఏమీ కనపడదు. కాబట్టి చెప్పే మనిషే వాళ్ళకు కళ్ళు. ఎండగా ఉందా, మబ్బు పట్టిందా, జనం ఎంతమంది వచ్చారు, ఆటగాడి ముఖం ఎట్లా ఉంది, ఇవి కూడా చెప్పాలి. మధ్యమధ్యలో పరుగుల లెక్క మళ్ళీ మళ్ళీ చెప్పాలి. అప్పుడే రేడియో పెట్టినవాళ్ళకు అది తెలియదు గదా.

మన దేశంలో మొదటి క్రికెట్ కామెంటరీ 1934లో బొంబాయిలో వచ్చింది. చెప్పినాయన పేరు తల్యార్‌ఖాన్. ఆయన రోజంతా ఒక్కడే మాట్లాడేవాడు. మైకు ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. తరువాతి రోజుల్లో ఇంకొకరితో పంచుకోమంటే ఆ పనే మానుకున్నాడంటారు. ఆ తరువాత చాలామంది వచ్చారు. ఇంగ్లీషులో చెప్పేవాళ్ళు, హిందీలో చెప్పేవాళ్ళు వచ్చారు. చేతిలో పట్టే చిన్న ట్రాన్సిస్టర్ రేడియోలు వచ్చాక ఆట పల్లెలకూ చేరింది.

కానీ ఏళ్ళ తరబడి ఆ గొంతులన్నీ మగవాళ్ళవే.

క్రికెట్ నాలుగు మాటల్లో

ఆట తెలియకపోతే కథ తెలియదు. అందుకని నాలుగు మాటలు.

రెండు జట్లు ఉంటాయి. ఒక్కో జట్టులో 11 మంది. ఒక జట్టు బంతి వేస్తుంది. రెండో జట్టు బ్యాటుతో కొడుతుంది. బ్యాట్ పట్టినవాళ్ళ వెనక మూడు కర్రలు పాతి ఉంటాయి. బంతి ఆ కర్రలకు తగిలితే కొట్టేవాడు అవుట్. కొట్టిన బంతిని నేల తాకకముందే ఎవరైనా పట్టుకున్నా అవుట్.

బంతిని కొట్టి ఇద్దరు ఆటగాళ్ళు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పరుగెత్తుతారు. ఒకసారి మారితే ఒక పరుగు. బంతి దొర్లుకుంటూ మైదానం హద్దు దాటితే 4 పరుగులు. గాలిలోనే హద్దు దాటి అవతల పడితే 6 పరుగులు. దాన్నే సిక్సర్ అంటారు. ఎవరికి ఎక్కువ పరుగులు వస్తే వాళ్ళే గెలిచినట్టు.

రెండు దేశాల జట్లు కొన్ని రోజులపాటు ఆడే పెద్ద ఆటను టెస్టు మ్యాచ్ అంటారు.

కూతురు కూడా చూడని ఆట

సి.కె.నాయుడు పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో పుట్టారు. పొడగరి. నిటారుగా నడిచే మనిషి. 1923లో ఇండోర్ రాజు హోల్కర్ ఆయన్ను పిలిపించి తన కొలువులో, సైన్యంలో ఉద్యోగం ఇచ్చాడు. అందుకే ఆయన్ను కల్నల్ నాయుడు అని కూడా పిలిచేవాళ్ళు.

1926లో ఇంగ్లండ్ నుంచి ఒక జట్టు మన దేశానికి వచ్చింది. దాని పేరు ఎం.సి.సి. అది లండన్‌లోని ఒక పాత క్రికెట్ క్లబ్బు. 1787లో మొదలైంది. క్రికెట్ నియమాలు రాసింది కూడా ఆ క్లబ్బే. అప్పుడు మనల్ని పాలిస్తున్నది ఇంగ్లండ్ దొరలే. క్రికెట్ దొరల ఆట, దానిలో దొరలను మించినవాళ్ళు లేరు అనే నమ్మకం ఉండేది.

ఆ ఏడాది డిసెంబర్ 1న బొంబాయి జింఖానా మైదానంలో సి.కె.నాయుడు బ్యాట్ పట్టుకుని దిగారు. ఆ జట్టు బౌలర్లు బంతులు వేశారు. నాయుడు కొట్టటం మొదలుపెట్టారు. ఒక సిక్సర్. మరో సిక్సర్. బంతి మైదానం దాటి జనంలో పడుతోంది. వార్త ఊరంతా పాకింది. పని మానుకుని జనం పరుగెత్తుకొచ్చారు. చోటు లేక చెట్లెక్కారు, మేడలెక్కారు.

రెండు గంటలు కూడా నిండకముందే, 116 నిమిషాల్లో, నాయుడు 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు ఉన్నాయి. అప్పట్లో ఒక మనిషి ఒకే ఆటలో అన్ని సిక్సర్లు కొట్టటం ఎవరూ ఎరగరు. అవతలి జట్టువాళ్ళే మెచ్చుకుని ఆయనకు వెండి బ్యాట్ బహుమతిగా ఇచ్చారు.

ఆ ఒక్క రోజు ఆట వల్ల పెద్ద పని జరిగింది. ఇంగ్లండ్ జట్టు కెప్టెన్ గిల్లిగన్ మనవాళ్ళ ఆట చూసి, మీరు దేశానికంతా కలిపి ఒక బోర్డు పెట్టుకోండి అని సలహా ఇచ్చాడు. 1928లో క్రికెట్ బోర్డు ఏర్పడింది. ఆ తరువాతే మన దేశానికి టెస్టు మ్యాచ్ ఆడే అర్హత వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ రోజు ఆటకు కామెంటరీ లేదు. మన దేశంలో కామెంటరీ మొదలైంది 8 ఏళ్ళ తరువాత. సి.కె. కూతురు చంద్ర అప్పటికి పుట్టనే లేదు. అంటే తండ్రి ఆడిన గొప్ప ఆటను కన్నకూతురే చూడలేదు. ఇతరులు చెబితేనే, రాసింది చదివితేనే ఆమెకు తెలిసింది.

మరి ఆ 153, ఆ 11 ఎట్లా మిగిలాయి? మైదానం పక్కన ఒక మనిషి పెన్సిలు పట్టుకుని కూర్చుంటాడు. అతన్ని స్కోరర్ అంటారు. ప్రతి బంతికీ పుస్తకంలో ఒక గుర్తు పెడతాడు. పరుగు రాకపోతే చుక్క. ఒక పరుగు వస్తే ఒకటి. సిక్సర్ కొడితే ఆరు. పాలకేంద్రంలో ఎవరు ఎన్ని లీటర్లు పోశారో రాసుకుంటారు. పొదుపు సంఘంలో ఎవరు ఎంత కట్టారో రాసుకుంటారు. ఇదీ అట్లాంటిదే. రాసిన లెక్క ఉంది గనుక కాదనేవాళ్ళు లేరు.

లెక్క పుస్తకం అంకెలు చెబుతుంది. చెట్లెక్కిన జనం సంగతి దానిలో ఉండదు. అది చూసినవాళ్ళు చెప్పాలి. అంకెకు సాక్షి కాగితం. సంతోషానికి సాక్షి మనిషి. రెండూ ఉంటేనే ఆట పూర్తిగా మిగులుతుంది.

రాజు కాని కెప్టెన్

1932లో మన జట్టు మొదటి టెస్టు మ్యాచ్ ఆడటానికి ఓడ ఎక్కి ఇంగ్లండ్ వెళ్ళింది. అప్పట్లో కెప్టెన్‌గా ఉండాలంటే ఆట రావటం కన్నా రాజవంశంలో పుట్టటమే ముఖ్యం. అందుకని పోర్‌బందర్ మహారాజును కెప్టెన్ చేశారు. ఆయన మంచి మనసున్నవాడు. తనకు ఆట అంతగా రాదని తెలుసుకుని పెద్ద మ్యాచ్‌లో తప్పుకున్నాడు. ఉపకెప్టెన్‌గా ఉన్న మరో రాజవంశీకుడికి నడుము పట్టేసింది. దాంతో సి.కె.నాయుడు కెప్టెన్ అయ్యారు. రాజు కాని మనిషి కింద ఆడటం జట్టులో కొందరికి రుచించలేదు. అయినా ఆడారు.

1932 జూన్ 25న లండన్‌లోని లార్డ్స్ మైదానంలో ఆట మొదలైంది. ఆ మైదానం ఎం.సి.సి. క్లబ్బుదే. మొదటి అరగంటలోనే ఇంగ్లండ్ 19 పరుగులకు ముగ్గురిని పోగొట్టుకుంది. చూస్తున్న దొరలు నోళ్ళు తెరిచారు. బంతిని ఆపబోయి నాయుడు చేతికి దెబ్బ తగిలింది. ఆ చేత్తోనే బ్యాట్ పట్టి 40 పరుగులు చేశారు. మొదటి విడతలో మనవాళ్ళలో అందరికన్నా ఎక్కువ పరుగులు ఆయనవే.

చివరికి మన జట్టు 158 పరుగుల తేడాతో ఓడిపోయింది. అయినా తల దించుకోవలసిన ఓటమి కాదు అది. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లో ప్రతి ఏటా వచ్చే విజ్డెన్ అనే క్రికెట్ పుస్తకం, ఏడాదిలో ఉత్తమ ఆటగాళ్ళు అయిదుగురిలో నాయుడు పేరు వేసింది.

ఆ ప్రయాణంలోని ఒక సిక్సర్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. బర్మింగ్‌హామ్ ఊళ్ళో ఆట. మైదానం పక్కన చిన్న ఏరు ఉంది. ఆ ఏరే అప్పట్లో రెండు జిల్లాలకు సరిహద్దు. నాయుడు కొట్టిన బంతి ఏరు దాటి అవతల పడిందట. అంటే ఒక జిల్లాలో కొడితే ఇంకో జిల్లాలో పడిందన్నమాట!

1936లో మన జట్టు మళ్ళీ ఇంగ్లండ్ వెళ్ళింది. ఈసారి కెప్టెన్‌గా మళ్ళీ రాజవంశీకుడే వచ్చాడు. విజయనగరం రాజకుమారుడు, విజ్జీ అని పిలిచేవాళ్ళు. ఆయన మూడు టెస్టుల్లోనూ కలిపి చేసింది 33 పరుగులు. సి.కె.నాయుడు ఆయన కింద ఆడవలసి వచ్చింది. చివరి టెస్టులో బంతి రొమ్ముకు బలంగా తగిలినా, నాయుడు నిలబడి 81 పరుగులు చేశారు. అదే ఆయన ఆఖరి టెస్టు. మొత్తం ఆడింది 7 టెస్టులే.

విజ్జీ తరువాతి రోజుల్లో రేడియోలో క్రికెట్ కబుర్లు చెప్పేవారు. పుట్టుక కలిసొచ్చినవాళ్ళకు బ్యాటూ దొరికింది, మైకూ దొరికింది. ఆడవాళ్ళకు మాత్రం అప్పటికి రెండూ దొరకలేదు.

పళ్ళు రాలినా బెదరలేదు

టెస్టులు అయిపోయినా నాయుడు ఆట మానలేదు. మన రాష్ట్రాల జట్ల మధ్య జరిగే పోటీని రంజీ ట్రోఫీ అంటారు. ఇండోర్‌లోని హోల్కర్ జట్టు దాన్ని 4 సార్లు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దింది నాయుడుగారే. ఆటగాళ్ళను ఎండలో గంటల తరబడి సాధన చేయించేవారు. ఆలస్యంగా వస్తే ఒప్పుకునేవారు కాదు.

1951-52లో రంజీ ఫైనల్ బొంబాయిలో జరిగింది. అప్పటికి నాయుడు వయసు 56 ఏళ్ళు. ఆ వయసుకి చాలామంది మనవలను ఎత్తుకుని అరుగు మీద కూర్చుంటారు. అవతలి జట్టులో ఫడ్కర్ అనే బౌలర్ వేసిన వేగమైన బంతి ఎగిరివచ్చి నాయుడు మూతికి తగిలింది. పళ్ళు రాలి నేల మీద పడ్డాయి. రక్తం కారింది. అందరూ పరుగెత్తుకొచ్చారు. ఆయన రాలిన పళ్ళను పక్కకు నెట్టి, మళ్ళీ బ్యాట్ పట్టుకుని నిలబడ్డారు. బౌలర్ జాలిపడి నెమ్మదిగా బంతి వేస్తే, అట్లా వద్దు, ఎప్పటిలాగే వెయ్యమన్నారని చెబుతారు.

ఆంధ్రకూ ఆయనకూ ఒక ముడి ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1953-54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలో ఆడింది. కొత్త జట్టు. అనుభవం లేనివాళ్ళు. ఆ జట్టుకు మొదటి కెప్టెన్‌గా నిలబడింది సి.కె.నాయుడు. అప్పుడాయన వయసు 58.

1956లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. క్రికెట్ ఆటగాళ్ళలో ఆ గౌరవం పొందిన మొదటివాడు ఆయనే. 61 ఏళ్ళ వయసులో కూడా రంజీ ఆడారు. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో కన్నుమూశారు.

కూతురు మైకు ముందు కూర్చున్న రోజు

చంద్రా నాయుడు అదే ఇండోర్‌లో పెరిగారు. ఇంట్లో పొద్దున లేస్తే క్రికెట్ మాటే. ఆమె బాగా చదువుకున్నారు. ఇంగ్లీషు పాఠాలు చెప్పే అధ్యాపకురాలయ్యారు. ఇండోర్‌లో ఆడపిల్లల ప్రభుత్వ కాలేజీలో ఎంతోమందికి చదువు చెప్పారు.

1977లో ఎం.సి.సి. పేరుతో ఇంగ్లండ్ జట్టు మళ్ళీ మన దేశంలో ఆడింది. ఇండోర్‌లో కూడా ఒక మ్యాచ్ జరిగింది. దానికి చంద్రా నాయుడు కామెంటరీ చెప్పారు. 1926లో తండ్రి ఏ క్లబ్బు జట్టు మీద 11 సిక్సర్లు కొట్టారో, ఆ క్లబ్బు పేరుతో వచ్చిన జట్టు ఆటనే కూతురు మైకు ముందు కూర్చుని చెప్పారు. మధ్యలో 50 ఏళ్ళు గడిచాయి.

ఇప్పటివాళ్ళకు ఇది చిన్న సంగతిగా కనపడవచ్చు. ఆ రోజుల్లో అది చిన్నది కాదు. రేడియోలో ఆడగొంతు అంటే పాటలు, నాటకాలు, వంటల కార్యక్రమాలు, వార్తలు. క్రికెట్ మగవాళ్ళ ఆట, దాని గురించి ఆడవాళ్ళకేం తెలుసు అనేవాళ్ళు చాలామంది. బంతి ఎట్లా తిరిగిందో, కెప్టెన్ ఎత్తుగడ ఏమిటో ఆడమనిషి చెబితే మగవాళ్ళు వినటం అప్పటిదాకా లేదు.

ఆమెకు ఆట తెలుసు. చెప్పే భాష తెలుసు. రెండూ తెలిసిన మనిషికి మైకు ముందు కూర్చోవటానికి ఇంకేం కావాలి? కావలసింది ఒక్కటే, ఎవరో ఒకరు కుర్చీ చూపించటం. అది దొరికింది గనుక ఆమె చెప్పారు. తెలిసి కూడా కుర్చీ దొరకని ఆడవాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారో ఆలోచించండి.

ఆడవాళ్ళు అడుగుపెట్టని గదిలో

1982లో భారత్, ఇంగ్లండ్ జట్లు లార్డ్స్ మైదానంలో ఒక టెస్టు ఆడాయి. 1932 నాటి మొదటి టెస్టు జరిగి అప్పటికి సరిగ్గా 50 ఏళ్ళు. ఆ ఆట చూడటానికి చంద్రా నాయుడు లండన్ వెళ్ళారు.

లార్డ్స్‌లో ఒక పేరున్న గది ఉంది. దాన్ని లాంగ్ రూమ్ అంటారు. అంటే పొడవాటి గది అని. గోడల నిండా పాత ఆటగాళ్ళ బొమ్మలు ఉంటాయి. ఆటగాళ్ళు ఆ గదిలో నుంచే మైదానంలోకి నడిచి వెళతారు. 1932లో సి.కె.నాయుడు నడిచిన దారి అదే.

ఎం.సి.సి. క్లబ్బులో అప్పటికి ఆడవాళ్ళకు సభ్యత్వం లేదు. దాదాపు రెండు వందల ఏళ్ళుగా అదే పద్ధతి. 1998లో గాని ఆ క్లబ్బు స్త్రీలను సభ్యులుగా ఒప్పుకోలేదు. అటువంటి చోట, 1982లోనే, ఆ పొడవాటి గదిలో జరిగిన ఒక కార్యక్రమంలో చంద్రా నాయుడు మాట్లాడారు.

1995లో తండ్రి నూరేళ్ళ జయంతి వచ్చింది. ఆ ఏడాది ఆమె తండ్రి గురించి ఒక పుస్తకం రాశారు. ఒక కూతురి జ్ఞాపకాలుగా ఇంగ్లీషులో రాశారు. మైదానంలో నాయుడుగారిని వేలమంది చూశారు. ఇంట్లో ఆయన్ను చూసినవాళ్ళు కొద్దిమందే. ఆ కొద్దిమందిలో కలం పట్టింది కూతురు.

2021 ఏప్రిల్‌లో, 88 ఏళ్ళ వయసులో, చంద్రా నాయుడు ఇండోర్‌లో చనిపోయారు. ఆమె చూసినవి, విన్నవి ఆమెతోపాటే పోలేదు. రాసి పెట్టినవి మిగిలాయి.

చెప్పేవాళ్ళు లేక మరుగునపడ్డ ఆటలు

మన దేశంలో ఆడవాళ్ళు క్రికెట్ ఆడటం ఈనాటిది కాదు. 1976లో మన మహిళల జట్టు మొదటి టెస్టు ఆడింది. కెప్టెన్ శాంతా రంగస్వామి. వెస్టిండీస్ జట్టు మన దేశానికి వచ్చింది. పాట్నాలో జరిగిన మ్యాచ్‌లో మనవాళ్ళు గెలిచారు. మన ఆడవాళ్ళు గెలిచిన మొదటి టెస్టు అది. 1978 జనవరిలో మహిళల ప్రపంచకప్పు మన దేశంలోనే జరిగింది. ఆఖరి ఆట మన హైదరాబాదులో జరిగింది. ఇంగ్లండ్‌ను ఓడించి ఆస్ట్రేలియా గెలిచింది.

ఈ సంగతులు ఎంతమందికి తెలుసు? హైదరాబాదులో ఉన్నవాళ్ళకే చాలామందికి తెలియదు. ఆడినవాళ్ళు తక్కువగా ఆడలేదు. ఆ ఆటలను చెప్పిన గొంతులు తక్కువ. రాసిన కలాలు తక్కువ. అందుకే మరుగున పడ్డాయి.

చెప్పేవాళ్ళు ఉంటే ఎట్లా ఉంటుందో కూడా చూశాం. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి బరువులెత్తింది. ఒకసారి 110 కిలోలు, ఇంకోసారి 130 కిలోలు. అంటే ఒక్కోసారి రెండేసి ధాన్యం బస్తాల దాకా అన్నమాట. కంచు పతకం గెలిచింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారత మహిళ ఆమె. ఆ వార్త పత్రికల్లో, టీవీల్లో వచ్చింది. ఊరూరా తెలిసింది. ఆ తరువాత తమ ఆడపిల్లలను ఆటలకు పంపటానికి ధైర్యం చేసిన తల్లిదండ్రులు ఉన్నారు.

2002లో హైదరాబాదు అమ్మాయి మిథాలీ రాజ్ ఇంగ్లండ్‌లో ఒకే టెస్టు ఇన్నింగ్స్‌లో 214 పరుగులు చేసింది. అప్పటికి మహిళల టెస్టుల్లో ప్రపంచంలో అదే పెద్ద స్కోరు. 2025 నవంబర్ 2న మన మహిళల జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి మొదటిసారి ప్రపంచకప్పు గెలిచింది. ఆ జట్టులో కడప జిల్లా పల్లె నుంచి వచ్చిన శ్రీచరణి ఉంది. నవీ ముంబయిలో జరిగిన ఆ ఆటను దేశమంతా టీవీలో చూసింది. ఇప్పుడు ఆడి మానేసిన క్రీడాకారిణులే మైకు పట్టుకుని ఆట చెబుతున్నారు. మిథాలీ రాజ్ చెబుతుంది. అంజుమ్ చోప్రా చెబుతుంది. ఆడగొంతు వింటే ఇప్పుడెవరూ ఆశ్చర్యపోవటం లేదు.

1977లో ఇండోర్‌లో ఒక గొంతు మొదలుపెట్టింది. ఈనాడు అది మామూలు సంగతి అయింది.

మన సంగతులు ఎవరు చెబుతారు?

ఆటగాళ్ళ సంగతులే గొప్పవి, మనవి కావు అనుకోకండి. మీ అమ్మ చిన్నప్పుడు చెమ్మచెక్క ఎట్లా ఆడేది? తొక్కుడు బిళ్ళలో ఊళ్ళో ఎవరు గెలిచేవాళ్ళు? ఏటి ఈతలో మగపిల్లలను ఓడించిన ఆడపిల్ల ఎవరు? నాట్లప్పుడు అందరికన్నా ముందు గట్టు చేరేది ఎవరు? ఇవి మీ ఊళ్ళో పెద్దవాళ్ళకు గుర్తే. కానీ కాగితం మీద లేవు. ఆ పెద్దవాళ్ళతోపాటే పోతాయి.

చంద్రా నాయుడు చదువుకున్న కుటుంబంలో పుట్టారు. మనలో చాలామంది ఆలస్యంగా పలక పట్టినవాళ్ళం. అయినా అక్షరం చేసే పని ఇద్దరి దగ్గరా ఒకటే. పెద్ద పుస్తకం రాయనక్కర లేదు. నోటు పుస్తకంలో ఒక పేజీ చాలు. పేరు, ఊరు, ఏడాది, జరిగిన సంగతి. స్కోరర్ పెట్టే చుక్కల్లాగా ఒక్కొక్కటే రాయండి. రాసింది పదిమందిలో గట్టిగా చదవండి. రాయటం అంటే దాచటం. చదివి వినిపించటం అంటే కామెంటరీ చెప్పటమే.

మీలో మీరు మాట్లాడుకోండి

1. సి.కె.నాయుడు 1926లో ఆడిన ఆట ఇన్నేళ్ళ తరువాత మనకు ఎట్లా తెలిసింది?

2. ఆట బాగా వచ్చినా 1936లో సి.కె.నాయుడును ఎందుకు కెప్టెన్ చేయలేదు? మీ ఊళ్ళో అట్లాంటివి జరుగుతాయా?

3. చంద్రా నాయుడుకు ముందు ఆడవాళ్ళు కామెంటరీ ఎందుకు చెప్పలేదు? పని తెలిసి కూడా ఆడవాళ్ళకు అవకాశం దొరకని పనులు ఇంకా ఏమున్నాయి?

4. మీ ఊళ్ళో ఒక పెద్దామెను ఆమె చిన్ననాటి ఆటల గురించి అడగండి. ఆమె చెప్పింది అయిదు వాక్యాలలో రాయండి. కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.